బొగ్గుగుట్టల ఉద్యోగపర్వం

భారతంలో ఉద్యోగపర్వం అనగానే మనవారికి కృష్ణరాయబారమే స్ఫురిస్తుంది. ఆ పర్వం పేరులోని 'ఉద్యోగం' కొలువు కాదనీ, ప్రయత్నం, సన్నాహం అని దానికి అర్థమనీ తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు ఆశ్చర్యపోయేవారు. ఒకవైపు సంధి మాటలు సాగుతూనే ఉంటాయి; మరొకవైపు అక్షౌహిణులు కూడుతూనే ఉంటాయి. 1984 మార్చి మొదలు 1985 మార్చి దాకా బ్రిటనులో ప్రభుత్వానికీ బొగ్గుగని కార్మికులకూ నడచిన పోరును గూర్చి చదివినప్పుడల్లా నాకు ఈ పర్వమే మదిలో మెదలుతుంది. ఆ సమ్మెను గూర్చి వ్రాసినవారిలో అధికులు గుర్రపు పోలీసులనూ, లాఠీలనూ, రాళ్ళనూ, అనగా యుద్ధపర్వాలనే వర్ణించారు. జయాపజయాలు అక్కడ తేలలేదని నా అభిప్రాయం. అవి అంతకు చాలా ముందే, విద్యుత్కేంద్రాల ఆవరణల్లో చడీచప్పుడూ లేకుండా పెరిగిన బొగ్గుగుట్టల మీద తేలిపోయాయి. పాపం, పోరాడినవారు మాత్రం 'ఉద్యోగం' అన్న మాటకు మనం నేడు చెప్పుకొనే అర్థం కోసమే పోరాడారు.

మూలం తెలియాలంటే కొంత వెనుకకు పోవాలి. 1925 జులైలో గని యజమానులు వేతనాలు తగ్గిస్తామన్నారు. తక్కిన కార్మిక సంఘాలు గనివారికి అండగా నిలిచేసరికి బాల్డ్విన్ ప్రభుత్వం జంకి, తొమ్మిది నెలలపాటు గనులకు తానే సొమ్ము సర్దుతానన్నది. కార్మికులు జయభేరి మ్రోగించారు. ఆ తొమ్మిది నెలలూ ప్రభుత్వం ఊరకే కూర్చోలేదు. సరుకుల రవాణాకు, ఆహారపు పంపిణీకి, స్వచ్ఛంద సేవకుల సమీకరణకు ఏర్పాట్లన్నీ చేసుకొన్నది. గడువు ముగిసింది. 1926 మే నెలలో సార్వత్రిక సమ్మె జరిగింది. తొమ్మిది రోజులకే తక్కిన సంఘాలు విరమించుకొన్నాయి. గనివారు మాత్రం ఒంటరిగా శీతకాలం ముంగిట దాకా నిలిచి, ఆకలికి లొంగి, తక్కువ కూలికి ఎక్కువ గంటలు పనిచేయడానికి తిరిగి బావుల్లోకి దిగారు. ఒక అడుగు వెనుకకు వేయడం, ఆ ఎడంలో సర్వం సిద్ధం చేసుకోవడం, ఆపైన ఢీకొనడం: ఈ వరుసను గుర్తుంచుకోండి. మళ్ళీ తారసపడుతుంది.

1947 జనవరి 1న గనులన్నీ జాతీయమయ్యాయి. జాతీయ బొగ్గు బోర్డు ఏర్పడింది. అప్పటినుంచి యజమాని ప్రభుత్వమే గనుక కూలి తగాదా ఏదైనా చివరికి రాజకీయ తగాదా కాక తప్పదు. అయినా పాతికేళ్ళపాటు దేశవ్యాప్తంగా సమ్మె జరగలేదు. 1972 జనవరిలో జరిగింది. అప్పటి ప్రధాని ఎడ్వర్డ్ హీత్, కన్సర్వేటివ్ పక్షం. ఆ ఫిబ్రవరి 10న బర్మింగ్‌హాం నగరంలోని సాల్ట్‌లే కోకు డిపో ముందు గనివారికి తోడుగా వేలాది ఇంజనీరింగు కార్మికులు పని మాని తరలివచ్చారు. పోలీసు అధికారి గత్యంతరం లేక గేట్లు మూయించాడు. ఆ రోజున అక్కడ నాయకత్వం వహించినవారిలో యార్క్‌షైరు యువకుడొకడున్నాడు. పేరు ఆర్థర్ స్కార్గిల్. ఆ గేటు మూతపడిన దృశ్యం అతని మనసులో చెరగని ముద్ర వేసింది. పన్నెండేళ్ళ తరువాత అతడు వేసిన ఎత్తుగడలన్నీ ఆ ముద్రలోనుంచి వచ్చినవే. గెలిచిన వ్యూహాన్ని మరల పన్నడంలో ఒక ప్రమాదమున్నది. ఎదిరి కూడా దానిని అంతే శ్రద్ధగా చదువుకొని ఉంటాడు.

రెండేళ్ళకే మరొక తాకిడి. 1973 చివర అరబ్బు దేశాల చమురు సంక్షోభం, దానితోపాటే గనివారి ఓవర్‌టైం నిషేధం. విద్యుత్తు ఆదా చేయడానికి 1974 జనవరి నుంచి పరిశ్రమలు వారానికి మూడు రోజులే పనిచేయాలని హీత్ ఆజ్ఞాపించాడు. ఇండ్లలో కొవ్వొత్తులు వెలిగాయి. ఫిబ్రవరిలో పూర్తి సమ్మె మొదలయింది. దేశాన్ని ఏలేది మేమా, వారా అని ప్రజలనే అడుగుతానంటూ హీత్ ఎన్నికలకు పోయాడు. ప్రజలు స్పష్టమైన జవాబు చెప్పలేదు గాని, పదవి మాత్రం అతనికి దక్కలేదు. గనివారు ప్రభుత్వాన్నే కూల్చారన్న కీర్తి వారికి దక్కింది. ఆ పరాభవం కన్సర్వేటివ్ పక్షీయులకు కంటిలో నలుసయింది. హీత్ మంత్రివర్గంలో విద్యాశాఖ చూచిన మార్గరెట్ థాచర్ ఆ నలుసును మరువలేదు.

ఇక అసలైన ఉద్యోగపర్వం. 1977లో ఆ పక్షం ఇంకా ప్రతిపక్షంలో ఉండగానే, నికొలస్ రిడ్లే అనే పార్లమెంటు సభ్యుని ఆధ్వర్యంలో జాతీయ పరిశ్రమలను గూర్చి ఒక నివేదిక తయారయింది. 1978 మేలో 'ఎకనామిస్టు' పత్రిక దానిని బయటపెట్టింది. రాబోయే ప్రభుత్వాన్ని సవాలు చేసేది బహుశః బొగ్గు పరిశ్రమే కావచ్చునని ఊహించి, దాని అనుబంధంలో చెప్పిన ఉపాయాలివి. విద్యుత్కేంద్రాల వద్ద బొగ్గు నిల్వలు పెంచాలి. విదేశాలనుంచి దిగుమతికి ఏర్పాట్లు ఉండాలి. సంఘాల్లో లేని లారీ డ్రైవర్లను సమకూర్చుకోవాలి. బొగ్గుతోనూ చమురుతోనూ నడిచేలా విద్యుత్కేంద్రాలను మార్చాలి. సమ్మెదారులకు అందే ప్రభుత్వ సహాయం కోసివేయాలి. మూకుమ్మడి పికెటింగును ఎదుర్కోవడానికి సంచార పోలీసు దళం ఉండాలి. చాణక్యుడు చదివినా తల పంకించేవాడు! ఇందులో ఒక్క మాటా రహస్యంగా మిగలలేదు. అచ్చయి అంగట్లో అమ్ముడుపోయింది. చదువవలసినవారు తగినంత శ్రద్ధతో చదివినట్లు లేదు.

1979లో థాచర్ ప్రధాని అయింది. 1981 ఫిబ్రవరిలో ఇరవై మూడు గనులు మూస్తారన్న వార్త పొక్కగానే గనివారు కదిలారు. ఆమె వెంటనే వెనుకకు తగ్గింది. ఉక్కుమహిళ వంగిందని పత్రికలు వ్రాశాయి. పైన గుర్తుంచుకోండన్న వరుస ఇదే. ఆమె వంగింది నిల్వలు చాలవని లెక్క తేలినందువల్ల. ఆ తరువాత ఇంధనశాఖ మంత్రి అయిన నైజెల్ లాసన్ చేసిన ముఖ్యమైన పని బొగ్గును గనుల దగ్గరనుంచి విద్యుత్కేంద్రాల దగ్గరికి చేర్చడం. గని ముంగిట ఉన్న గుట్టను పికెటింగుతో నిలిపివేయవచ్చు. బాయిలరు ప్రక్కన ఉన్న గుట్టను ఎవరు నిలుపగలరు? ఇందులో గుండె కలుక్కుమనే సంగతి ఒకటున్నది. ఆ గుట్టలను తవ్విపోసింది ఆ కార్మికులే. ఓవర్‌టైం పని చేసి మరీ పోశారు.

1983 జూన్ ఎన్నికల్లో థాచర్ మరల ఘనవిజయం సాధించింది. ఆ సెప్టెంబరులో బొగ్గు బోర్డు అధ్యక్షుడుగా ఇయాన్ మెక్‌గ్రెగర్ వచ్చాడు. స్కాట్లండులో పుట్టి అమెరికాలో ఎదిగినవాడు. అంతకుముందు బ్రిటిషు ఉక్కు సంస్థలో సగానికి పైగా కొలువులు కోసివేసినవాడు.

ఇక్కడ ప్రభుత్వ పక్షాన న్యాయంగా చెప్పవలసినది చెప్పాలి. బొగ్గు పరిశ్రమ నష్టాల్లో ఉన్న మాట నిజం. గనులు మూయడమూ కొత్త కాదు. 1960లలో కార్మికుల పక్షమని చెప్పుకొనే లేబరు ప్రభుత్వ కాలంలోనే రెండు వందలకు పైగా గనులు మూతపడ్డాయి. అప్పుడు ఇంత రగడ లేదు. ఎందుకంటే ఒక గని మూస్తే మరొక గనిలోనో, కార్ఖానాలోనో పని దొరికేది. 1984 నాటికి నిరుద్యోగులు ముప్పై లక్షలు. గని చుట్టూ అల్లుకొన్న ఊళ్ళలో గని పోతే అంగడి పోతుంది, బడి పోతుంది, బ్యాండుమేళం పోతుంది. మన కొత్తగూడెం, మందమర్రి, గోదావరిఖని పట్టణాలను ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. గని సైరను కూతతో గడియారాలు సరిచేసుకొనే ఊళ్ళవి.

1984 మార్చి 1న యార్క్‌షైరులోని కోర్టన్‌వుడ్ గనిని మూసివేస్తామని బోర్డు ప్రకటించింది. మరి అయిదేళ్ళు నడుస్తుందని అంతకు ముందే కార్మికులకు మాట ఇచ్చిన గని అది. ఆరవ తేదీన మరొక ప్రకటన: ఆ సంవత్సరంలో ఇరవై గనులు, ఇరవై వేల కొలువులు పోతాయి. సమ్మె కార్చిచ్చులా వ్యాపించింది. పన్నెండున స్కార్గిల్ దానిని దేశవ్యాప్తం చేశాడు. అప్పటికతడు గని కార్మికుల జాతీయ సంఘానికి అధ్యక్షుడు. డెబ్బై శాతం ఓట్లతో గెలిచినవాడు. కాలం మాత్రం అతనికి అనుకూలం కాదు. 1972లో సమ్మె జనవరిలో, 1974లో ఫిబ్రవరిలో, అనగా చలి కొరికే రోజుల్లో. ఇప్పుడో, వసంతం వాకిట నిలిచి ఉన్నది. బొగ్గు సమ్మెకు ఇంతకన్న అకాలం లేదు.

మరొక దోషం ఇంకా పెద్దది. దేశవ్యాప్త సమ్మెకు ముందు సభ్యులందరి రహస్య ఓటింగు జరపడం ఆ సంఘపు ఆచారం. 1982, 83 సంవత్సరాలలో మూడుసార్లు ఓటింగు జరిగితే మూడుసార్లూ సభ్యులు సమ్మె వద్దన్నారు. కనుక ఈసారి స్కార్గిల్ ఓటింగు జోలికి పోకుండా, ప్రాంతాలవారీగా సమ్మెలు ప్రకటించుకొనే నియమాన్ని ఆశ్రయించాడు. తన గని భద్రంగా ఉన్నవాడు మరొకని గని మూతకు ఓటు వేసే హక్కెక్కడిదని అతని వాదం. ఆ వాదంలో బలం లేకపోలేదు. కాని నాటింగ్‌హాంషైరు గనివారు తమ ప్రాంతంలో ఓటింగు జరుపుకొని, అధికసంఖ్యలో సమ్మెను నిరాకరించి, పనికి పోయారు. వారి గనులు లాభసాటివి, వారి బొగ్గు పుష్కలం. ఇందులో మరొక మెలిక ఉన్నది. 1977లో ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహక వేతనాలివ్వాలా అని దేశవ్యాప్తంగా ఓటింగు జరిగితే కార్మికులు వద్దన్నారు. ఆ తీర్పును త్రోసిరాజని నాటింగ్‌హాంషైరు వంటి ప్రాంతాలు తమకు తాముగా ఆ పద్ధతిని తెచ్చుకొన్నాయి. న్యాయస్థానం కూడా అభ్యంతరం లేదన్నది. అంటే ఏడేళ్ళ క్రితం జాతీయ ఓటింగును లెక్కచేయనివారే ఇప్పుడు జాతీయ ఓటింగు ఏదని నిలదీశారు. ఆ మాట స్కార్గిల్ అనుయాయులు పదే పదే అన్నారు. అది నిజమే గాని, దానివలన నాటింగ్‌హాంషైరులో ఒక్క గని అయినా ఆగలేదు. ఏప్రిలులో సంఘ ప్రతినిధుల సభ సమ్మెకు కావలసిన ఓట్లను యాభై అయిదు శాతంనుంచి సాధారణ మెజారిటీకి తగ్గించింది కూడా. తగ్గించి, ఓటింగు మాత్రం పెట్టలేదు! అప్పుడు పెట్టి ఉంటే గెలిచేవాడేనని చాలామంది చరిత్రకారుల ఊహ. నాదీ అదే. న్యాయం తనవైపు ఉన్నదని నమ్మినవాడు లెక్కింపుకు వెనుదీయరాదు. లేబరు నాయకుడు నీల్ కినాక్ గనికార్మికుని కుమారుడై ఉండి కూడా నోరార సమ్మెను సమర్థించలేకపోవడానికి ఈ లోపమే సాకయింది. తక్కిన సంఘాల సమాఖ్య బలరాముని పాత్ర వహించింది.

యుద్ధపర్వాలను త్వరగా దాటుతాను. దేశంలోని పోలీసు దళాలన్నింటినీ ఒకచోటినుంచి నడిపే కేంద్రం లండనులో వెలసింది. కెంటు జిల్లానుంచి ఉత్తరానికి బయలుదేరిన గనివారిని దారిలోనే, వందల మైళ్ళ దూరంలోనే అడ్డగించారు. జూన్ 18న షెఫీల్డు దాపున ఓర్‌గ్రీవ్ కోకు కర్మాగారం ముందు వేలాది కార్మికులూ వేలాది పోలీసులూ ఎదురుబదురుగా నిలిచారు. స్కార్గిల్ మనసులో అది మరొక సాల్ట్‌లే. కాని ఈసారి గేట్లు మూతపడలేదు, గుర్రాలు దూసుకువచ్చాయి. తొంభై అయిదుగురిపై అల్లర్లు, అక్రమ సమావేశం మొదలైన నేరాలు మోపారు. మరుసటి యేడు ఆ అభియోగం న్యాయస్థానంలో నిలువక కూలిపోయింది. 1991లో దక్షిణ యార్క్‌షైరు పోలీసులు ముప్పై తొమ్మిది మందికి నాలుగు లక్షల పాతికవేల పౌండ్ల పరిహారం చెల్లించారు. జులైలో థాచర్ తన పక్షపు సభ్యులతో మాట్లాడుతూ, ఫాక్లండు దీవులలో బయటి శత్రువుతో పోరాడామనీ, ఇప్పుడు లోపలి శత్రువుతో పోరాడుతున్నామనీ అన్నది. తన పౌరులనే శత్రువులనడం పాలకుల నోట రాదగిన మాట కాదు. హింస ఒకవైపే ఉన్నదనీ అనను. పికెటింగులో ఇద్దరు కార్మికులు మరణించారు. నవంబరు చివర దక్షిణ వేల్సులో, పనికి పోతున్న ఒక గనికార్మికుని తీసుకుపోతున్న టాక్సీ మీద వంతెననుంచి కాంక్రీటు దిమ్మె పడవేశారు. చనిపోయినవాడు బ్రతుకుతెరువుకు బండి నడుపుకొనే టాక్సీడ్రైవరు.

ఆకలిని గూర్చి మాత్రం త్వరపడలేను. సమ్మెచేసే వానికి సంఘం భత్యమిస్తుందని ముందే ఊహించి, కుటుంబానికి అందే ప్రభుత్వ సహాయంలో ఆ మేరకు కోత వేసే శాసనం 1980లోనే వచ్చింది. సంఘం భత్యం ఇవ్వకపోయినా కోత కోతే. అక్టోబరులో కోర్టు ధిక్కారానికి జరిమానా వేసి, అది చెల్లించనందుకు సంఘపు నిధులను స్వాధీనం చేసుకొమ్మని న్యాయస్థానం ఆదేశించింది. అప్పుడు నిలిచినవారు స్త్రీలు. గనివారి భార్యలూ తల్లులూ సంఘ భవనాల్లో పొయ్యిలు వెలిగించి, దానమడిగి తెచ్చిన దినుసులతో రోజుకు వందలమందికి వండిపెట్టారు. అంతవరకూ వేదిక ఎక్కనివారు ఊరూరా తిరిగి ఉపన్యసించారు. లండనులోని స్వలింగ సంపర్కుల సంఘమొకటి చందాలు పోగుచేసి వేల్సు గనివారికి పంపితే, మరుసటి ఏడాది వారి ఊరేగింపులో గనివారు బ్యానర్లతో నడిచారు. 2014లో వచ్చిన 'ప్రైడ్' చలనచిత్రానికి ఇదే ఇతివృత్తం.

ఒక్క తరుణంలో మాత్రం త్రాసు అటూ ఇటూ ఊగింది. మన గనుల్లో సర్దార్లు, ఓవర్‌మన్లు చూచే భద్రత పనిని అక్కడ చూచేవారికి వేరే సంఘమున్నది. వారు లేకుండా ఏ గనీ నడువరాదని చట్టం. ఆ సంఘం రహస్య ఓటింగు జరిపితే ఎనభై శాతానికి మించి సమ్మెకు సరేనన్నారు. వారు బయటికి వస్తే నాటింగ్‌హాంషైరు కూడా మూతపడుతుంది, గుట్టలు కరుగుతాయి. ఎంత నిబ్బరం నటించినా ఆ వారాల్లో ప్రభుత్వానికి నిద్ర లేదు. తుదకు గనుల మూతను సమీక్షించే పద్ధతి ఒకటి పెడతామన్న హామీతో అక్టోబరు 24న వారి సమ్మె ఆగిపోయింది. ఆ సమీక్షాపద్ధతి తరువాత ఏ గనినీ కాపాడినట్లు కనబడదు.

శీతకాలం వచ్చింది. దీపాలు ఆరలేదు. విద్యుత్కేంద్రాలు చమురును త్రాగాయి. నాటింగ్‌హాంషైరు బొగ్గు వచ్చింది. 'సాలిడారిటీ' సంఘాన్ని అణచివేసిన పోలండు కమ్యూనిస్టు ప్రభుత్వపు బొగ్గు కూడా ఓడలెక్కి వచ్చింది. సిద్ధాంతాలు ఓడరేవు దాకానే కాబోలు. ఈ ఖర్చంతా దేశానికి లాభసాటి పెట్టుబడి అని, అప్పటికి ఆర్థికమంత్రి అయిన లాసన్ పార్లమెంటులో సమర్థించాడు. నష్టం వస్తున్నదని గనులు మూయబూనిన ప్రభుత్వం, ఆ మూతకు వందలకోట్ల పౌండ్లు వెచ్చించింది. కనుక అది ఉత్త జమాఖర్చుల తగాదా అన్న మాటను నేను నమ్మలేను.

1985 మార్చి 3న ప్రతినిధుల సభలో 98 మంది పనిలోకి పోదామన్నారు. 91 మంది వద్దన్నారు. ఒప్పందం లేదు, హామీ లేదు. అయిదవ తేదీన చాలా ఊళ్ళలో గనివారు బ్యానర్లతో, బ్యాండు మేళాలతో, తలలెత్తుకొని గేట్లు దాటారు.

సమ్మె పొడుగునా స్కార్గిల్ ఒక మాట అంటూ వచ్చాడు: వీరు మూసేది ఇరవై కాదు, డెబ్బైకి పైగా గనులు. అది అబద్ధమని ప్రభుత్వమన్నది. మెక్‌గ్రెగర్ 1984 వేసవిలో కార్మికుల ఇండ్లకే ఉత్తరాలు వ్రాసి ఆ మాటను ఖండించాడు. పత్రికలు స్కార్గిల్‌ను ఉన్మాదిగా చిత్రించాయి. ముప్పై యేండ్ల గడువు తీరి 2014 జనవరిలో ప్రభుత్వ పత్రాలు వెలువడ్డాయి. 1983 సెప్టెంబరులో ప్రధాని నివాసంలో జరిగిన రహస్య సమావేశపు కాగితం ఒకటి అందులో ఉన్నది. మూడేళ్ళలో డెబ్బై అయిదు గనులు మూయాలని మెక్‌గ్రెగర్ ఆలోచన; రెండు లక్షల రెండువేలమంది కార్మికులలో అరవై నాలుగు వేలమంది తగ్గాలి; వేల్సులోనైతే మూడింట రెండు వంతులమంది. ఈ కాగితానికి నకళ్ళు తీయరాదనీ, బయట తిప్పరాదనీ జాగ్రత్తలు కూడా ఉన్నాయి. కోర్టన్‌వుడ్ మూత ప్రకటనకు ఆరు నెలల ముందటి మాట ఇది. అది ఆలోచనే గాని తుదినిర్ణయం కాదని సమర్థించేవారున్నారు. ఉండనీయండి. ఇంటికి ఉత్తరం అందుకొని, దానిని నమ్మి, ఆ నమ్మకంతో తోటివారిని కాదని పనికి పోయినవాడున్నాడు కదా! వాని సంగతే నాకు మనసున పట్టింది.

ఈ వరుసను మన ప్రాంతపు అనుభవంతో పోల్చి చూచుకోవచ్చు. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకలజనుల సమ్మెలో సింగరేణి కార్మికులు పని మానగానే నిల్వలు తరిగి, కొద్దివారాల్లోనే రాష్ట్రంలో విద్యుత్తు కోతలు తీవ్రమయ్యాయి. అక్కడి లక్ష్యం వేరు, చరిత్ర వేరు. నేను చెప్పదలచినది ఆ గుట్టల సంగతి మాత్రమే.

తరువాతి కథ కొద్దిలో ముగుస్తుంది. 1992 అక్టోబరులో, మిగిలిన యాభై గనుల్లో ముప్పై ఒకటి మూస్తామని అదే పక్షపు ప్రభుత్వం ప్రకటించింది. ఆ జాబితాలో, సమ్మె కాలంలో ప్రభుత్వాన్ని నమ్మి పనిచేసిన నాటింగ్‌హాంషైరు గనులు కూడా ఉన్నాయి. 1994లో మిగిలినవి ప్రైవేటు పరమయ్యాయి. నాటింగ్‌హాంషైరులోని చివరి గని థోర్స్‌బీ 2015 వేసవిలో మూతపడింది. అదే యేడు డిసెంబరు 18న యార్క్‌షైరులోని కెల్లింగ్‌లే మూతతో బ్రిటనులో లోతుగనుల చరిత్రే ముగిసింది. బొగ్గుతో నడిచే కట్టకడపటి విద్యుత్కేంద్రం 2024 సెప్టెంబరు 30న ఆగిపోయింది. అది ఉన్నది కూడా నాటింగ్‌హాంషైరులోనే. ఓర్‌గ్రీవ్‌లో ఆనాడు జరిగినదానిపై చట్టబద్ధమైన బహిరంగ విచారణ జరిపిస్తామని, షెఫీల్డు బిషప్పు దానికి అధ్యక్షత వహిస్తారని 2025 జులైలో బ్రిటిషు ప్రభుత్వం ప్రకటించింది. ఆనాటి ఇరవైయేండ్ల కుర్రవానికి అప్పటికి అరవై దాటాయి.